కుంకుమ తుప్పు

"ఊదకండి" అన్నాను.

మెట్ల మీద కూర్చున్న ఇంటివారబ్బాయి ఉలిక్కిపడి తలెత్తాడు. రాజమండ్రిలో ఈ ఇంటి కింది వాటాలోకి నేను అద్దెకి వచ్చి చాలా ఏళ్ళయింది. అతనితో మాట్లాడింది మాత్రం తక్కువ. అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళతో చనువుగా ఉండటం నాకు నచ్చదు. అతని ఒళ్ళో పాతకాలం వీడియో గేమ్ ఉంది. ఎవరి దగ్గరో కొన్నాడట, పార్శిల్లో వచ్చిందట. తెల్లటి పెట్టె పాతబడి పచ్చబారింది. ఆన్ చేస్తే టీవీలో రంగులు వచ్చిపోవడం తప్ప ఆట రావటం లేదు. అందుకని ఆట ఉండే క్యాసెట్ బయటికి లాగి, దాని అంచుని మౌత్ ఆర్గాన్ ఊదినట్టు ఊదుతున్నాడు.

ఊదితే నోటి తడికి రాగి పాడవుతుందనీ, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్దితే చాలనీ చెప్పాను. "మీకెలా తెలుసు ఆంటీ?" అన్నాడు నవ్వు ఆపుకుంటూ. తెలుసులెండి అని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. గట్టు తుడుస్తుంటే మాడిన పాల వాసనలోంచి ఇంకో వాసన తగిలింది. వేడెక్కిన సీసం, దాని వెనకే సాంబ్రాణి లాంటి పొగ. నాకు పదహారేళ్ళున్నప్పటి దసరాకీ కార్తీకానికీ మధ్య రోజుల వాసన అది.

మా ఊరు రామచంద్రపురానికి దగ్గర. పేరు చెప్పను, చెబితే ఇంటిపేరు చెప్పినట్టే. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఘోషా ఉండేది. పరాయి మగవాడి కంట పడకూడదు, మా గొంతు వాళ్ళకి వినపడకూడదు. వచ్చినవాళ్ళు సావిడిలో కూర్చుంటారు. సావిడికీ లోపలి హాలుకీ మధ్య గుమ్మానికి దళసరి మఖమల్ తెర. మా తెర ఒకప్పుడు ముదురు ఎరుపట. నాకు తెలిసేసరికి అడుగున వంకాయ రంగుకి వచ్చి, ముట్టుకుంటే తడిసిన సున్నం వాసన వేసేది. మా బంధువుల ఇళ్ళల్లో అప్పటికే ఆ ఆచారం పోయింది. వాళ్ళ ఆడపిల్లలు మోపెడ్ల మీద తిరుగుతున్నారని విని మామ్మగారు చెవులు మూసుకునేది. మా ఇంట్లో మాత్రం భూములు పోయేకొద్దీ అది ఇంకా గట్టిపడింది. కాపాడుకోవడానికి అదొక్కటే మిగిలినట్టు కాపాడారు.

అయిదో తరగతి తర్వాత నా చదువు ఇంట్లోనే. పదో తరగతి పరీక్షలు మాత్రం కిటికీలకి తెరలు కట్టిన కారులో వెళ్ళి రాసి వచ్చాను. ఫలితాలు వచ్చే వేళకి ఆ కారు లేదు. తెరలున్న కారు లేకుండా ఆడపిల్ల బయటికి ఎలా వెళ్తుంది? కాబట్టి వెళ్ళలేదు. ఎవరూ వద్దనలేదు. వద్దనే అవసరమే రాలేదు. పొద్దున వంటింటి కిటికీలోంచి కాలవ గట్టు కనిపించేది, సాయంత్రం అదే కిటికీలోంచి అదే గట్టు. గట్టు మీద సైకిలు వెళ్తే అది కొబ్బరిచెట్ల వెనక మాయమయ్యేదాకా చూసేదాన్ని. ఆ వేసవిలో అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టి లేచిపోతున్నానని అమ్మ చాటుగా ఏడ్చింది. నాన్నగారు నా చిన్నప్పుడే పోయారు. ఆ తర్వాత ఆ ఇంట్లో అమ్మ గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

అప్పుడు బాబాయిగారు ఒక పని చేశారు. ఆయన మిగిలిన పొలంలో కొంత తవ్వించి రొయ్యల చెరువులు వేశారు. ఒక పంట బాగా పండింది. ఆ హుషారులో కాకినాడ వెళ్ళి, ఫారిన్ సామాను అమ్మే కొట్లో వీడియో గేమ్ కొనుక్కొచ్చారు. తాతగారు అదేంటని అడిగితే, "పాపని బయటికి పంపలేం కదండీ. లోపలికే ఏదోటి తెస్తే పోలా" అన్నారు. తాతగారు కాసేపు దాన్ని చూసి, సరే అన్నట్టు పేపరు ఎత్తుకున్నారు.

దాన్ని లోపలి హాల్లో టీవీకి తగిలించాం. చెక్క తలుపులున్న పెద్ద టీవీ. ఆటలో ఒక చిన్న మనిషి గదిలోంచి గదిలోకి పరిగెడుతుంటాడు. ఒక గది దాటగానే వెనక తలుపు పడిపోతుంది. మామ్మగారు పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వాణ్ణే చూసేది. "ఇందాకట్నుంచీ పరిగెడుతున్నాడు. వాడికి మంచినీళ్ళన్నా ఇవ్వవేంటే?" అని నన్ను కోప్పడేది. మధ్యాహ్నం హిందీ చెప్పడానికి ఒక పెద్దావిడ వచ్చేది. ఆవిడ వచ్చే వేళకి మెయిన్ స్విచ్ కట్టేసి, కరెంటు పోయిందండి అనేదాన్ని. చీకటి హాల్లో అక్షరాలు కనపడవని ఆవిడ జంతికలు తిని, కాఫీ తాగి వెళ్ళిపోయేది. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే మా ఇంటికి కరెంటు వచ్చేది. మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టాను. మామ్మగారు చేసిన చింతచిగురు రొయ్యలు మారు అడిగి వేయించుకున్నాను.

దసరా వచ్చింది. ఆయుధపూజకి సావిడిలో బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, ఇంట్లో ఇనుప సామానంతా పెట్టేవారు. తాతగారి తుపాకీ, కుట్టుమిషను, ధాన్యం కాటా. కారు పోయినా దాని జాకీ మిగిలింది, అదీ పెట్టారు. ఆ ఏడు వీడియో గేమ్ కూడా పెట్టారు. అన్నిటికీ పసుపు, కుంకుమ, గంధం, పూలు. పూజయ్యాక చక్రపొంగలి తిని, చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా గేమ్ తగిలించాను. ఆట రాలేదు. టీవీ తెరంతా పచ్చరంగు, మరుక్షణం బూడిదరంగు, మళ్ళీ పచ్చ.

నేనూ ఊదాను. రోజంతా ఊదాను. దవడలు నొప్పెట్టాయి గానీ ఆట రాలేదు.

పాలేరు చేత పెట్టెనీ క్యాసెట్‌నీ రామచంద్రపురంలో రేడియోలు బాగుచేసే కొట్టుకి పంపించాం. ఆ కొట్టాయన్ని మా ఇంట్లో 'అతను' అనేవాళ్ళం. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఆయన అనే రాస్తాను. ఇల్లు మా ఊళ్ళోనే. చర్చికి వెళ్ళే కుటుంబం, ఆదివారం కొట్టు తీసేవారు కాదు. రెండు రోజుల్లో బాగైపోయిందనీ, కొట్లో టీవీకి పెడితే శుభ్రంగా ఆడిందనీ పాలేరు తెచ్చి ఇచ్చాడు. మర్నాడు శుక్రవారం. పొద్దున్నే తలంటుకుని వచ్చి ఆన్ చేశాను. పచ్చ, బూడిద, పచ్చ.

మళ్ళీ పంపాం. మళ్ళీ కొట్లో ఆడింది, పై శుక్రవారం ఇంట్లో పెడితే ఆడలేదు. లోపలా బయటా పని చూసే ఆయమ్మ, ఇంటికి దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టమంది. ఆ మాట సావిడిలో తాతగారి చెవిన పడింది. ఆయనకి పౌరుషం వచ్చింది. చెరువుల్లో రొయ్యలు తేలిపోతున్నాయని బాబాయిగారు కబురు పంపిన వారమే అది. ఆ సంగతి మీద ఒక్క మాట అనని మనిషి ఈ సంగతి మీద లేచారు. "బజారు కొట్లో ఆడేది మనింట్లో ఆడకపోవడమేంటి? మనింటికేం వచ్చింది? ఆ రేడియో అతన్నే వచ్చి చూడమను" అని పాలేరుని పంపారు.

ఆయన సైకిలు మీద వచ్చారు. చెప్పులు వీధిమెట్టు దగ్గర విడిచి, సావిడిలో బల్ల చివర కూర్చున్నారు. కాఫీ ఇచ్చాం. ఆయనకి ఇచ్చే గ్లాసు వేరుగా గూట్లో ఉండేది, తాగాక ఆయనే కడిగి అక్కడ పెట్టాలి. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు. తోచిందని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

చిక్కల్లా టీవీతో వచ్చింది. టీవీ లోపల, ఆయన బయట. ఆయన లోపలికి రాకూడదు. టీవీని సావిడిలోకి మోయాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి, వాళ్ళూ లోపలికి రాకూడదు. పోనీ ఆడవాళ్ళం మోద్దామంటే, మేం సావిడిలోకి అడుగు పెట్టకూడదు. తాతగారు ఇదంతా ఆలోచించడానికి ఒక కాఫీ పట్టింది. చివరికి ఆ కొట్టాయనే, "లోపల అమ్మాయిగారు చూసి చెబితే, నేనిక్కణ్ణుంచి ఏం చెయ్యాలో చెప్తానండి" అన్నారు. మధ్యలో మాటలు మొయ్యడానికి ఆయమ్మని తెర దగ్గర నిలబెట్టారు.

ఆయమ్మకి మాటలు మొయ్యడం వచ్చు గానీ, ఉన్నవి ఉన్నట్టు మొయ్యడం రాదు. బయటినుంచి ఆయన, క్యాసెట్ దూర్చేచోట పిన్నులుంటాయి, అవేమైనా వంగాయేమో చూడమన్నారు. ఆయమ్మ లోపలికి వచ్చి, బీరువా మీద నుంచి మామ్మగారి పిన్నీసుల డబ్బా దింపి నా ముందు పెట్టింది. "వంగినయ్యి ఏరమంటున్నాడమ్మా" అంది. నేను నోట్లో పైట కుక్కుకుని నవ్వాను. అలా ఒక గంట గడిచాక, పెట్టె విప్పితే గానీ తేలదన్నారు. తెర అడుగునుంచి స్క్రూడ్రైవర్ ఒకటి గచ్చు మీద జారుతూ లోపలికి వచ్చింది.

అదివరకు నేను ఏ వస్తువునీ విప్పి ఎరగను. అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకుని అయిదు మరలూ తీశాను. మూత లేచింది. లోపల ఆకుపచ్చ పలక, దాని మీద వరసగా చిన్న చిన్న సామాన్లు, పైనుంచి చూసిన ఊరిలా. నేను అంతవరకూ ఊరు పైనుంచే కాదు, ఎటునుంచీ సరిగ్గా చూడలేదు. క్యాసెట్ దూరే చోట పిన్నుల వరస అంతా ఎర్రగా ఉంది.

ఎర్రగా ఉందన్న మాట ఆయమ్మ బయటికి మోసింది.

"అదే తుప్పండి అయ్యగారూ. రెండుసార్లూ నేనే పెట్రోలుతో కడిగాను. గోదారి గాలండి, ఇనుముని బతకనివ్వదు" అన్నారు ఆయన.

"మీ కొట్లోకి గోదారి గాలి రాదా?" అన్నారు తాతగారు.

వేలితో రాసి చూడమనండి, గరుగ్గా ఉంటే తుప్పు, మెత్తగా ఉంటే ఇంకేదో అన్నారు ఆయన. నేను అప్పటికే రాశాను. మెత్తగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు, నిమ్మకాయ, కొంచెం కర్పూరం. కుంకుమ. తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో మామ్మగారు నిలబడి ఉంది. ఆవిడ ఉంగరం వేలి కొస ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది.

మొత్తం ఒక్కసారి అర్థమైంది. దసరా నాడు ఒకసారి, శుక్రవారాలు రెండుసార్లు. వాళ్ళింట్లో కుంకుమ ఉండదు కాబట్టి కొట్టాయన దాన్ని తుప్పనుకున్నారు. ఇప్పుడు నేను మెత్తగా ఉందంటే ఆయన ఏంటది అంటారు. కుంకుమ అంటే, ఫలానా వాళ్ళింట్లో టీవీ ఆటకి కూడా బొట్టు పెట్టి పాడుచేసుకుంటారట అని రామచంద్రపురం బజారంతా నవ్వుతుంది. ఆయమ్మ నా మొహం చూస్తోంది. ఆవిడ నోటికి అప్పగించే మాట కాదది.

"గరుగ్గానే ఉందండి. తుప్పే" అన్నాను నేనే, గట్టిగా.

సావిడిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. నా గొంతు తెర దాటి ఒక పరాయి మగవాడి దగ్గరికి వెళ్ళడం నా బతుకులో అదే మొదలు. మామ్మగారు గుమ్మం పట్టుకుంది. అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. తాతగారి గొంతు వినిపించింది. "ఆయమ్మా, నువ్వెళ్ళి దూడ సంగతి చూడు."

అంతే అన్నారు. ఆయమ్మ దొడ్లోకి వెళ్ళింది. ఇక తెరకి ఇటు నేను, అటు ఆయన. మధ్యలో ఎవరూ లేరు.

సాయంత్రం మామ్మగారిని పెరట్లో పట్టుకుని అడిగాను. దాని నోట్లో బొట్టు పెడతారాండీ ఎవరన్నా అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "నోరేంటే? అది దాని గడప. ఏ ఇంటికైనా గడపకి పెట్టకుండా కప్పుకి పెడతామా? అది వచ్చాకే కదా నువ్వు అన్నం తింటున్నావు" అంది. గడపకి వద్దు, వీపుకి పెట్టుకోండి అని ఒప్పించాను.

పెట్రోలు గుడ్డతో పిన్నులు తుడిచాను. ఆట వచ్చింది. కానీ ఒక కొత్త జబ్బు బయటపడింది. వైరు కదిలితే చాలు ఆరిపోతోంది. ఆ మాట చెప్పి పంపితే, మర్నాడు ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి ఎవరూ మాటలు మోయలేదు.

"ఏది ముట్టుకుంటే ఆరిపోతోందండి అమ్మాయిగారూ?"

"వైరు గుచ్చేచోటండి."

"పలక తిరగెయ్యండి. ఆ చోట వెనకాల మూడు సీసం బొట్లుంటాయి. దేనికన్నా చుట్టూ సన్నగా గీత ఉందేమో చూడండి, ఉంగరంలాగ."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూశాను. ఉంది. మధ్య బొట్టు చుట్టూ వెంట్రుకంత గీత.

"ఆయ్, అదేనండి దొంగ. ఇటు ఇప్పించండి, అతికేస్తాను" అన్నారు ఆయన. ఇచ్చేయడమే మర్యాద. నా నోటినుంచి ఇంకో మాట వచ్చింది. నేనే అతుకుతానండి అన్నాను. తాతగారు వద్దనలేదు.

సాల్డరింగ్ ఐరన్ కొట్లో మర్చిపోయారట. పాలేరు చేత వాళ్ళింటికి కబురు చేస్తే వాళ్ళమ్మాయి కొట్టుకి వెళ్ళి తీసుకొచ్చింది. తెర పక్క సందులోంచి చూశాను. నా ఈడుదే. రెండు జడలు, మగవాళ్ళ సైకిలు, బురద చిమ్మిన పావడా. చెమట తుడుచుకుంటూ తెర వైపు చూసి, వాళ్ళ నాన్నతో నెమ్మదిగా అంది. నెమ్మదిగా అన్నా నాకు వినపడింది. "పాపం, ఆవిడ ఎప్పుడూ లోపలేనా నాన్నా?"

ఆ 'పాపం' మీద నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి గుమ్మంలో నిలబడి ఒకరు మమ్మల్ని పాపం అనడం నేను అదివరకు వినలేదు. మేం ఇతరుల్ని అనేవాళ్ళం.

ఆ కోపంతో మొదటి అతుకు వేశాను. సీసం గుండ్రంగా రేగుపండులా నిలబడిపోయింది. బయటినుంచి ఆయన, నిలబడిందా అని అడిగి, అయితే తీసెయ్యండి అన్నారు. "ఐరన్‌తో సీసాన్ని కరిగించకూడదండి. ముందు రాగిని వేడెక్కించండి. సీసం రాగికి తగిలి అదే కరగాలి. తొందరపడకండి, ఊపిరి బిగబట్టకండి." రెండోసారీ పాడైంది, వేలు కాలింది. మూడోసారి సీసం ఒక్కసారి వెండిలా మెరిసి, మధ్యలోని రాగి కాలు చుట్టూ తనంతట తను పరుచుకుంది. పొగ లేచింది. మామ్మగారు వాసన చూసి, ఇవాళ సాంబ్రాణి ఎవరు వేశారే అంది.

చల్లారాక పలకని తెర అడుగునుంచి బయటికి తోశాను.

"అయ్యగారూ, ఒక మాటండి. కోప్పడకండి" అన్నారు ఆయన. "ఇలాంటి అతుకు నా దగ్గర రెండేళ్ళు పనిచేసినోడు కూడా వెయ్యలేదండి. కాకినాడలో ఆడపిల్లలకి పాలిటెక్నిక్ ఉంది. వచ్చే వేసవిలో ఎంట్రన్సు. మా పిల్ల రాస్తోంది, రామచంద్రపురంలో ట్యూషన్‌కి వెళ్తోంది. అమ్మాయిగార్ని కూడా పంపించండి. ఇద్దరూ ఒకే బస్సండి. బస్సు దగ్గర మా పిల్ల కాసుకుని ఉంటుంది. తీసుకెళ్ళి తీసుకొచ్చే పూచీ నాది."

తెర వెనక నేను గచ్చు మీద కూర్చునే ఉన్నాను. కాలిన వేలు నోట్లో ఉంది. తాతగారు ఇప్పుడు ఆయన్ని వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. కుర్చీ కిర్రుమంది. తాతగారు తెర వైపు తిరిగారు. గొంతు దగ్గరగా వినిపించింది కాబట్టి తెలిసింది.

"విన్నావా పాపా? వెళ్తావా?"

అంతకుముందు ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. తిను అనేవారు, పడుకో అనేవారు, లోపలికి రా అనేవారు. 'వెళ్తావా' అన్న మాటకి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. వెళ్తాననాలని ఉంది. గొంతు దాకా వచ్చింది కూడా. కాలవ గట్టు, బస్సు కిటికీ, కాకినాడ, మూతలు విప్పిన పెట్టెలు వరసగా బల్లల మీద, అన్నీ ఒక్కసారి కనిపించాయి. వాటి ముందు రెండు జడల పిల్ల నిలబడి ఉంది, నా కోసం కాసుకుని, పాపం అనుకుంటూ. ఆ పిల్ల వెనక నడిచి బస్సెక్కాలి. తాతగారు నన్ను పరీక్షిస్తున్నారేమో అని కూడా అనిపించింది. పరాయివాడి ముందు ఈ ఇంటి పిల్ల ఏమంటుందో చూస్తున్నారేమో అని. ఇవన్నీ ఇప్పుడు వరసగా రాస్తున్నాను. అప్పుడు ఒక్క క్షణమే.

"మన ఇంటి ఆడపిల్లలు బస్సులెక్కరు కదండి తాతగారూ" అన్నాను.

చాలా స్పష్టంగా అన్నాను. వాళ్ళమ్మాయికి కూడా వినపడాలని అన్నాను. ఆ పిల్ల అప్పటికే సైకిలెక్కి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

తాతగారు, "సరే" అన్నారు. మెచ్చుకుంటారనుకుని తెర పక్క సందులోంచి చూశాను. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కొట్టాయన సామాన్లు సంచీలో సర్దుకున్నారు. వెళ్ళేముందు తెర వైపు తిరిగి, "తప్పుగా అనుకోకండి అమ్మాయిగారూ" అన్నారు. తన గ్లాసు కడిగి గూట్లో పెట్టారు. పలకని గచ్చు మీద నా వైపు మెల్లగా జరిపి వెళ్ళారు.

పెట్టె బిగించాను. వైరు ఎంత కదిపినా ఆరలేదు. ఆ సాయంత్రం అంతకుముందు ఎప్పుడూ చేరనంత దూరం ఆడాను. గది తర్వాత గది, వెనక తలుపులు పడుతూనే ఉన్నాయి. టీవీ కట్టెయ్యమని ఎవరూ అనలేదు.

ఆ తర్వాతి సంగతులు ఊళ్ళో అందరికీ తెలిసినవే. చెరువులు పోయాయి, మిగిలిన పొలం పోయింది, ఇల్లు పోయింది. తుపాకీ, కాటా, టీవీ, ఆ టీవీతో పాటు గేమ్ కూడా ఎవరి ఇంటికో వెళ్ళాయి. ఘోషాని ఎవరూ తీసెయ్యలేదు. రామచంద్రపురంలో రెండు గదుల ఇంట్లోకి మారిన రోజున తెర కట్టడానికి సావిడి లేదు, అంతే. మర్నాడు మామ్మగారికి మందులు తేవడానికి తాతగారితో కలిసి బస్సెక్కాను. నాకు సీటు దొరికింది. ఆయన రాడ్డు పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరం కిటికీలోంచే చూశాం.

అక్కడ చుట్టుపక్కల ఆడవాళ్ళు అడిగేవారు, ఇంత తెలివైనదానివి ఎందుకు చదువుకోలేదని. తాతగారు పంపలేదండి అనేదాన్ని. చాలా తేలిగ్గా వచ్చేది ఆ మాట. విన్నవాళ్ళు జాలిపడేవారు గానీ, ఆ జాలి నా మీద పడేది కాదు, పాతకాలం మీద పడేది. దాన్ని భరించడం నాకు సులువుగా ఉండేది. చెప్పగా చెప్పగా నేను కూడా నమ్మాను.

పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు మేనత్తగారు కాఫీ అందుకుంటూ అదే అడిగారు. ఇంటరన్నా చదివించాల్సింది, పదితో ఆపేశారేం అని. తల వంచుకుని, తాతగారు పంపలేదండి అన్నాను. అనేశాక గుర్తొచ్చింది. తాతగారు అదే గదిలో, నాకు రెండు బారల దూరంలో కుర్చీలో ఉన్నారు. ఆయనకి చూపు తగ్గింది గానీ చెవులు బాగానే పనిచేసేవి. ఆయన అబద్ధమాడరని ఊళ్ళో పేరు. కోర్టులో ఒక్క అబద్ధం చెబితే నిలిచే కొబ్బరితోటని, చెప్పకుండా వదులుకున్న మనిషి. ఇప్పుడు ఆయన నిజం చెబుతారు, చెప్పడం ఆయన ధర్మం అనుకున్నాను.

మేనత్తగారు ఆయన వైపు తిరిగి, ఏమండీ మరీ అంత పట్టింపా అన్నట్టు చూశారు.

"అవునండి" అన్నారు తాతగారు. "నేనే పంపలేదు."

ఆ సంబంధం కుదిరింది. ఆ తర్వాత తాతగారు మూడేళ్ళున్నారు. పండక్కి వెళ్ళినప్పుడల్లా ఆయన కుర్చీ పక్కన కూర్చునేదాన్ని. వానల గురించి, బియ్యం గురించి, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో వాటి గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన పోయి ఇన్నేళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే నోటికి అదే మాట వస్తుంది. ఆయన మీద వేసిన ఆ నిందని నేను ఇంతవరకూ దించలేదు.